గేటెడ్ కమ్యూనిటీలో బతుకమ్మ: డీజే లేకుండా, అన్ని ప్రాంతాలవాళ్లూ చేతులు కలిపేలా ఎలా చేయాలి?

పూలపళ్లెం (ప్రశ్న)

హైదరాబాద్ పడమటి వైపు 180 ఫ్లాట్ల సముదాయం. మూడో వంతు తెలంగాణవాళ్లు, దాదాపు అంతే మంది ఆంధ్రా వైపువాళ్లు. మిగతావాళ్లలో తమిళులు, మరాఠీలు, బెంగాలీలు, గుజరాతీలు ఉన్నారు. కొన్ని ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇప్పటిదాకా ఇక్కడ బతుకమ్మ అంటే సద్దుల రోజు (చివరి రోజు) సాయంత్రం ఒక్కటే: బయట ఆర్డరిచ్చి తెప్పించిన పెద్ద బతుకమ్మ, డీజే, ఫొటోలు. పాటలు వచ్చిన పెద్దవాళ్లు బాగానే ఉన్నారు గానీ స్పీకర్ల మోతకి కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. తెలుగు రానివాళ్లు కాసేపు నిలబడి వెళ్లిపోతున్నారు.

ఈసారి మార్చాలని కమిటీ ఒప్పుకుంది. తెలిసినవాళ్లు ఈ సంగతులు చెప్పండి:

- ఎప్పుడూ పేర్చనివాళ్లతో పేర్పించాలంటే ఎన్ని పూలు కావాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది?
- పాట ఎలా నడిపితే భాష రానివాళ్లు కూడా గొంతు కలుపుతారు?
- అదే రోజుల్లో బెంగాలీల పూజ, గుజరాతీల గర్బా, తమిళుల బొమ్మల కొలువు ఉంటాయి. వేళలు ఎలా సర్దాలి?
- "గౌరమ్మ, పూజ తీసేసి పూల పండుగలా చేస్తే అందరూ వస్తారు" అని ఒక సూచన వచ్చింది. మీరేమంటారు?

---

గునుగుకట్ట

పేర్చుడు సంగతి నేను చెప్త. ముందుగాల ఒక మాట: తొలిసారి పేర్చేటోళ్లకు పెద్ద బతుకమ్మ పెట్టకుండ్రి. 14 అంగుళాల తాంబాలం చాలు. ఐదారుగురు కూసోని చేస్తే రెండు గంటల్ల అయిపోతది. పక్కన 8 అంగుళాల పళ్లెంల పిల్ల బతుకమ్మ పెట్టుండ్రి, దాన్ని పిల్లలకు అప్పజెప్పుండ్రి.

పూల లెక్క ఇట్ల ఉంటది. 14 అంగుళాల అడ్డం అంటే అంచు పొడుగు 44 అంగుళాలు. ఐదారు గునుగు కంకులు కలిపి కట్టిన చిన్న కట్ట అంగుళం జాగ తీసుకుంటది. అంటే అడుగు వరసకే 44 కట్టలు. ప్రతి వరసకు అర అంగుళం లోపలికి జరుపుకుంట పోతే వరసకు మూడు కట్టలు తగ్గుతయి. కొనకు నాలుగు అంగుళాల అడ్డం మిగిలేసరికి పదకొండు వరసలు, ఎత్తు సుమారు 15, 16 అంగుళాలు. మొత్తం మీద మూడు వందల కట్టలు. అందుల సగం గునుగు అనుకుంటే తొమ్మిది వందల కంకులు కావాలె. మిగతా సగం తంగేడు, బంతి, చామంతి, కట్ల పూలు, పట్టుకుచ్చులు. నాలుగు పళ్లాలు పేర్చాలనుకుంటే దీన్ని నాలుగింతలు చేసుకోండ్రి. ఊరి మనిషి ఎవరన్న తెస్తనంటే సరే, లేకుంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల ఆ వారం తంగేడు, గునుగు మూటలకు మూటలు దిగుతయి.

రంగు అద్దుడు ముందు రోజు పగటి పూటనే కావాలె. గునుగు కంకులను పిడికెడంత కట్ట కట్టి, కాడలు కత్తిరించి సమానం చేసి, తలకిందులుగ రంగునీళ్లల్ల ముంచాలె. బకెట్ల కలిపితే రంగు పలుచబడ్తది, లోతున్న డబ్బాల చిక్కగ కలపాలె. తీసి దులిపి నీడకు ఆరబెట్టాలె. ఇక్కడ్నే తప్పు జరుగుతది. ఆరకుండ తొందరపడి పేరిస్తే నీలం, గులాబి రంగులు కారి కింది తంగేడు మీద పడ్తయి, పసుపు పువ్వంత మురికి మురికి కనవడ్తది. తినే రంగులే వాడుండ్రి, రేపు నీళ్లల్ల కలిపేది అదే.

పేర్చే వరస: తాంబాలంల గుమ్మడాకులు గానీ ఆముదపాకులు గానీ పరవాలె. అడుగు వరస తంగేడు. పువ్వు బయటికి, కాడ లోపలికి. దాని మీద గునుగు ఒక రంగు, బంతి, మళ్ల గునుగు ఇంకో రంగు. కింది వరసలకు కాడ నాలుగు అంగుళాలు ఉంచుండ్రి, పైకి పోయినకొద్ది మూడుకు, రెండుకు తగ్గించుండ్రి. నడుమ మిగిలిన గుంతల గునుగు కాడలు, ఆకులు సన్నగ తరిగి కూరాలె. బతుకమ్మ ఒరిగిందంటే నూటికి తొంభై పాళ్లు ఈ నడుమ నింపుడు సరిగ లేకనే. ఒక వరస అయినంక అరచేత్తో వత్తి, ఇంత కూరి, మళ్ల వత్తి, అప్పుడే పై వరస మొదలుపెట్టాలె. కూరిన ఆకు గంటల వాడి కిందికి దిగుతది. వత్తకపోతే సాయంత్రానికి పై భాగం ఒక పక్కకు కుంగుతది. మనిషి ఒక్క దిక్కే కూసోని పేరిస్తే కూడ ఒరుగుతది. తాంబాలం తిప్పుకుంట పేర్చాలె.

బంతి బరువు పువ్వు. నడుం కింద వాడుకోండ్రి, పైన పెట్టకుండ్రి. దారం వాడితే నూలుదారమే, గుండుపిన్నులు వద్దే వద్దు.

గుమ్మడి పువ్వు పొద్దుగాల విచ్చుకొని మధ్యాహ్నానికే ముడుచుకుంటది. అందుకని ముందుగాల పైన పెట్టి, సాయంత్రం చూసి "వాడిపోయింది" అనుకునుడు మామూలే. దాన్ని తడిబట్టల చుట్టి పెట్టి, బయటికి తీసుకపోయే ముందు పెట్టుండ్రి. ముడుచుకున్నా పర్వాలేదు, అది ఉండాలె. దాని మీద తమలపాకుల పసుపు గౌరమ్మ.

ఎత్తుల పోటీ మాత్రం పెట్టకుండ్రి. పోటీ పెట్టినంక ఎవరో ఒకరు లోపల థర్మకోలు గుండ్రంగ కోసి పెట్టి చుట్టు పూలు గుచ్చుతరు. అది పేర్చుడు కాదు, అలంకారం.

---

సోలాపూర్_తెలుగు

సోలాపూర్‌లో తరాల కింద తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీల ఇళ్లలో ఇప్పటికీ బతుకమ్మ ఆడతారు, చుట్టుపక్కల మరాఠీవాళ్లు కూడా వస్తారు. కాబట్టి వేళల గురించి, కలవడం గురించి నేను చెప్తాను.

మీ మరాఠీ ఇళ్లవాళ్లని "భోండ్లా తెలుసా" అని అడగండి. ఇదే నవరాత్రుల్లో పీట మీద ఏనుగు బొమ్మ గీసి మధ్యలో పెట్టి, ఆడవాళ్లు, ఆడపిల్లలు చుట్టూ తిరుగుతూ పాడే ఆట అది. చివర్లో ఆ ఇంటివాళ్లు మూత పెట్టి తెచ్చిన ప్రసాదం ఏమిటో మిగతావాళ్లు ఊహించి చెప్పాలి, దాన్ని ఖిరాపత్ అంటారు. గుజరాతీల గర్బాలో మధ్యలో దీపం పెట్టిన చిల్లుల కుండ ఉంటుంది, దాని చుట్టూ ఆట. ఆంధ్రా వైపువాళ్లకి సంక్రాంతి గొబ్బి ఉంది. గొబ్బెమ్మ మీద పెట్టేది కూడా గుమ్మడి పువ్వే. ఇవన్నీ "మీ పండుగకి మమ్మల్ని పిలిచారు" అనే మొహమాటాన్ని తీసేస్తాయి. ఖిరాపత్ పద్ధతిని మాత్రం ఒక రోజు నైవేద్యానికి వాడుకోవచ్చు, పిల్లలు అక్కడి నుంచి కదలరు.

కానీ ఒక హద్దు. అన్నీ కలిపి ఒకే ఆట చేయకండి. బతుకమ్మ చుట్టూ గర్బా అడుగులు, గర్బా తాళానికి ఉయ్యాల పాట, ఇలా మొదలైతే రెండు మూడేళ్లలో ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎవరి వేళ వాళ్లకి ఇచ్చి, ఒకరి ఆటలో ఇంకొకరు చేరడమే సరైన దారి.

వేళలు. తొమ్మిది రోజులూ సముదాయం మొత్తం చేయాలని పెట్టుకోకండి, నాలుగో రోజుకే జనం పలచబడతారు. మూడు రోజులు చాలు: పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మ, ఐదో రోజు అట్ల బతుకమ్మ, చివరి రోజు సద్దులు. మిగతా రోజులు ఇళ్లవాళ్ల ఇష్టం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. కాబట్టి ఆ సాయంత్రం పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పాటలు రాసుకోవడానికి, కథలు అడగడానికి పెట్టుకోండి.

రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర బతుకమ్మకి. గర్బా ఎలాగూ ఎనిమిది తర్వాతే ఊపందుకుంటుంది. సద్దుల రోజు మాత్రం జాగ్రత్త, అది దుర్గాష్టమి. బెంగాలీలకి పొద్దున అష్టమి అంజలి, ఆపైన సంధి పూజ. సంధి పూజ అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు, మొత్తం 48 నిమిషాలు. అది తిథిని బట్టి ఒక ఏడు మధ్యాహ్నం, ఒక ఏడు అర్ధరాత్రి పడుతుంది. మీ సాయంత్రంతో ఢీకొంటుందేమో ముందే వాళ్ల పంచాంగం అడిగి, ఆ 48 నిమిషాలు మైకులు ఆపండి. తిథి రెండు రోజుల మీద పడిన ఏడాది సద్దులు ఎప్పుడన్న చర్చ కూడా తప్పదు. కొన్ని ఊళ్లలో ఏడో రోజే సద్దులు చేస్తారు. మీ దగ్గర ఎవరి లెక్క పాటిస్తారో నెల ముందే నోటీసు బోర్డులో పెట్టేయండి.

తమిళ ఇళ్లకి సాయంత్రాలు కొలువు చూడడానికి జనం వస్తూ ఉంటారు, వాళ్లు రెండు గంటలు బయట ఉండలేరు. బతుకమ్మ ముగిశాక ఆడవాళ్లంతా కలిసి ఆ రోజు రెండు మూడు కొలువులకి వెళ్లేలా పెట్టుకుంటే సరిపోతుంది.

గౌరమ్మను తీసేయడం గురించి: తీయకండి. తీసేస్తే తెలంగాణ పెద్దవాళ్లు దూరమవుతారు, కొత్తగా ఎవరూ దగ్గరవ్వరు. ముస్లిం, క్రైస్తవ ఇళ్లవాళ్లకి ఇబ్బంది కలిగేది పూజ, బొట్టు, ప్రసాదం దగ్గర. పూలు కత్తిరించడం, పేర్చడం, పాడడం దగ్గర కాదు. కాబట్టి గౌరమ్మ పూజ పేర్చిన చోటే, ముందుగా, ఇంటివాళ్లు పది నిమిషాల్లో చేసుకుని, తర్వాత బతుకమ్మని మైదానంలోకి తేవాలి. ఆహ్వానంలో వేళలు విడివిడిగా రాయండి: మూడు గంటలకి పేర్చడం, ఐదు గంటలకి పూజ, ఐదున్నరకి ఆట. ఎవరు ఎప్పుడు రావాలో వాళ్లే ఎంచుకుంటారు, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. బొట్టు పళ్లెం గేటు దగ్గర పెట్టి వచ్చిన ప్రతివాళ్లకీ పెట్టడం మానేయండి. పక్కన బల్ల మీద ఉంచితే కావాల్సినవాళ్లు పెట్టుకుంటారు.

---

ఉయ్యాల_గొంతు

పాట విషయం.

బతుకమ్మ పాట నిర్మాణమే కొత్తవాళ్ల కోసం చేసినట్టుంటుంది. ఒకరు అర పాదం చెప్పి "ఉయ్యాలో" అంటారు, చుట్టూ ఉన్నవాళ్లు అదే అర పాదాన్ని తిరిగి అంటారు. "చందమామ", "వలలో", "కోల్" అనే పల్లవులతోనూ ఇదే వరస. పదం అర్థం కాకపోయినా చివరి మాట అందరికీ వస్తుంది. రెండో పాటకల్లా అర పాదం కూడా పట్టుకుంటారు. రికార్డు పెట్టగానే ఇది చచ్చిపోతుంది. స్టూడియో పాటల్లో తిరిగి అనడానికి ఖాళీ ఉండదు, ఆ జవాబు కూడా కోరస్సే పాడేస్తుంది. మామూలు నడక కన్నా వేగం కూడా ఎక్కువ. వంగి చప్పట్లు కొట్టే నడుముకి ఆ వేగం కుదరక అందరూ నిటారుగా ఎగరడం మొదలుపెడతారు. డీజే తీసేయడానికి కారణం చెప్పమంటే కమిటీకి ఇది చెప్పండి, సంప్రదాయం అనే మాట వాడకుండానే పని అవుతుంది.

ఏర్పాటు ఇలా:

ఒక వలయానికి 30, 32 మంది. మనిషికి రెండున్నర అడుగులు ఇస్తే చుట్టుకొలత 80 అడుగులు, అడ్డంగా 25 అడుగులు. అంతకు మించితే అవతలి పక్కవాళ్లకి పాట ఆలస్యంగా వినిపించి చప్పట్లు రెండుగా చీలతాయి. ఎక్కువ మంది ఉంటే రెండో వలయం పక్కన కాదు, బయట చుట్టూ వేయండి. లోపలి వలయంలో పాట వచ్చినవాళ్లు, బయట నేర్చుకునేవాళ్లు. లోపలివాళ్ల చేతులు చూస్తూ బయటివాళ్లు వేస్తారు.

మైకు ఒకటే, పాట చెప్పేవాళ్లకి. చిన్న స్పీకరు మధ్యలో కాకుండా వలయం బయట, నడుము ఎత్తులో పెట్టండి. జవాబుకి మైకు వద్దు. తమ గొంతు తమకి వినపడితేనే జనం పాడతారు.

ఒకరే గంటన్నర చెప్పలేరు. ముగ్గురిని పెట్టుకుని పాటకొకరుగా మార్చండి. పెద్దవాళ్లలో కింద కూర్చోలేనివాళ్లకి, తిరగలేనివాళ్లకి వలయం లోపల, బతుకమ్మల పక్కనే కుర్చీ వేసి అక్కడి నుంచే పాట చెప్పించండి. ఇప్పుడు ఆ కుర్చీలు బయట ఉన్నాయి, అదే తేడా.

అడుగు: వంగి లోపలికి ఒక చప్పట్, పక్కకి ఒక అడుగు వేస్తూ లేచి ఇంకో చప్పట్. మొదటి రోజు ఇదొక్కటే నేర్పండి. మూడు చప్పట్ల ఆట, కోలాటం అట్ల బతుకమ్మ రోజు దాకా ఆపండి.

పాట కాగితాలు పంచకండి. చేతిలో కాగితం ఉంటే చప్పట్లు ఎలా కొడతారు? ఒక పెద్ద ఫ్లెక్సీ మీద పల్లవి మాటలు తెలుగు, దేవనాగరి, తమిళ, బెంగాలీ, ఇంగ్లిష్ లిపుల్లో రాసి గోడకి కట్టండి. పాటలో కథ ఏమిటో, ఉదాహరణకి ధర్మాంగద రాజుకీ సత్యవతికీ బిడ్డ పుట్టిన కథ, మొదలుపెట్టే ముందు మూడు వాక్యాల్లో హిందీలోనో ఇంగ్లిష్‌లోనో చెప్పండి. అంత చాలు.

పెద్దవాళ్లు పాడే మాటల్ని పుస్తకాల తెలుగులోకి "సరిదిద్దకండి". ఒకే పాట వరంగల్ వైపు ఒకలా, నిజామాబాద్ వైపు ఒకలా ఉంటుంది. ఇద్దరు పెద్దమ్మలు పాఠం మీద వాదించుకుంటే ఆపకండి, ఇద్దరిదీ రాసుకోండి.

---

పూలపళ్లెం

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకో మూడు సందేహాలు. నిమజ్జనానికి పోడియం మీద తాత్కాలిక తొట్టి పెడదామనుకుంటున్నాం, కింద బేస్‌మెంట్ పార్కింగ్ ఉంది. పెద్దవాళ్ల పాటలు ఫోన్‌లో రికార్డు చేసి దాచాలంటే పద్ధతి ఏమిటి? 120 మందికి సద్దులు ఎంత వండాలి?

---

తడిచెత్త_పొడిచెత్త

పోడియం మీద వద్దు. లెక్క చూడండి: ఆరు అడుగుల వ్యాసం, రెండు అడుగుల ఎత్తు ఉన్న మడిచే తొట్టిలో ఒకటిన్నర అడుగు నీళ్లు పోస్తే సుమారు 1200 లీటర్లు. అంటే 1200 కిలోలు, చదరపు మీటరుకి దాదాపు 450 కిలోలు ఒకే చోట. దాని చుట్టూ ఒకేసారి తోసుకొచ్చే జనం బరువు అదనం. భవనం లెక్కలు చూసిన ఇంజనీరు రాసిస్తే తప్ప పెట్టకండి. నేల మీద, మట్టి ఉన్న చోట పెట్టుకుంటే ఈ గొడవే లేదు. లేదంటే బల్దియా (నగరపాలక సంస్థ) చెరువుల దగ్గర బతుకమ్మ ఘాట్లు, చిన్న కుంటలు కట్టింది, మీకు దగ్గరది ఎక్కడుందో కనుక్కోండి.

నేల మీద పెట్టినా తొట్టి చుట్టూ తడికి జారుతుంది. కొబ్బరిపీచు పట్టాలు పరవండి, దీపాల వైర్లు తొట్టి దరిదాపుల్లోకి రానీయకండి, ఒకసారికి ఇద్దరినే పంపండి. పని అయిన వెంటనే ఖాళీ చేయండి. చిన్నపిల్లలకి ఒకటిన్నర అడుగు నీళ్లు కూడా ప్రమాదమే. రంగు గునుగు వేసిన నీళ్లు మొక్కలకి పోయకుండా ఎస్‌టీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటుకి) వదలండి.

పూలు తీసి రాత్రంతా గోనెసంచిలో వేలాడదీసి నీళ్లు కార్చండి. దారాలు తీసేయండి. గునుగు కాడలు త్వరగా కుళ్లవు, రెండు అంగుళాల ముక్కలుగా నరకాలి. ఒక బకెట్ పూలకి రెండు బకెట్ల ఎండుటాకులు. అది తగ్గితే మూడో రోజుకే కంపు కొడుతుంది, అప్పుడు సముదాయంలో సగం మంది వచ్చే ఏడాది బతుకమ్మే వద్దంటారు. వారానికోసారి తిరగేస్తే రెండు రెండున్నర నెలల్లో ఎరువు.

నరికేముందు ఎండిన గునుగు కంకుల్ని ఒక కాగితం మీద దులపండి. నల్లగా మెరిసే ఆవగింజ కన్నా చిన్న విత్తనాలు రాలతాయి. రంగు అద్దనివి తీసి డబ్బాలో దాచి, జూన్‌లో తొలి వానలకి ప్రహరీ పక్కన చల్లండి. చేలల్లో కలుపుగా మొలిచే మొక్క, అడక్కుండానే పెరుగుతుంది, పండుగ వేళకి పూస్తుంది. తంగేడు విత్తనం పైపొర గట్టిది, వేణ్ణీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి నాటాలి. మొదటి ఏడే పూలు ఆశించకండి.

---

శబ్దాలపెట్టె

పండుగ రాత్రి మైదానంలో తీసిన వీడియో జ్ఞాపకానికి బాగుంటుంది, పాట దాచడానికి పనికిరాదు. చప్పట్లు ఫోన్ మైకుని కొట్టి మాటల్ని మింగేస్తాయి. పాటకి వేరే రికార్డింగ్ పెట్టుకోండి. పైన చెప్పిన అలిగిన బతుకమ్మ సాయంత్రం సరైన రోజు.

గది: సోఫాలు, పరదాలు ఉన్నది. ఖాళీ క్లబ్‌హౌస్ హాలు వద్దు, గొంతు గింగురుమంటుంది. ఫ్యాన్, ఏసీ ఆపి, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్ బల్ల మీద నేరుగా పెడితే బల్ల చప్పుడు ఎక్కుతుంది, కింద మడిచిన టవలు వేయండి. నోటికి అడుగున్నర దూరం, కొంచెం పక్కకి. ఒక్కరే పాడితే గుక్క దొరకదు, జవాబు చెప్పడానికి ఇద్దరిని నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టండి. చప్పట్లు కొట్టకుండా ఒకసారి, తొడ మీద మెల్లగా తాళం వేస్తూ ఒకసారి తీయండి. కొందరికి చేయి ఆడకపోతే మాట గుర్తుకు రాదు, అలాంటివాళ్లకి రెండోదే అసలు.

ఫార్మాట్: వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. నిమిషానికి 8.6 ఎంబీ, గంటకి అర జీబీ పైన. లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఫైలు పేరు మొదట్లో తేదీ, తర్వాత ఊరు, పాట మొదటి రెండు మాటలు. మూడు కాపీలు: ఒకటి కమిటీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి పాడినవాళ్ల పిల్లల దగ్గర.

రికార్డింగ్ మొదట్లోనే గొంతుతో చెప్పించండి: పేరు, పుట్టిన ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ రోజున పాడతారు. కాగితం మీద రాసింది పోతుంది, ఫైల్లో చెప్పింది పోదు. పాట అయ్యాక అర్థం కాని మాటలు అక్కడికక్కడే అడగండి. పనిముట్ల పేర్లు, చుట్టరికాల పిలుపులు, ధాన్యాల పేర్లు ఎక్కువగా ఉంటాయి. తర్వాత అడుగుదామనుకున్నవి ఎవరూ అడగరు.

అనుమతి మూడు వేర్వేరు ప్రశ్నలుగా అడగండి: రికార్డు చేయొచ్చా, సముదాయం గ్రూపులో పెట్టొచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా. మొదటిదానికి సరే అంటే మూడోదానికి కూడా అన్నట్టు కాదు. పాట ఎవరిదీ కాకపోయినా, పాడినవాళ్లకి మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. వికీమీడియా కామన్స్‌లో పెడితే వ్యాపారానికి కూడా ఎవరైనా వాడుకోవచ్చని ముందే చెప్పి, ఒప్పుకుంటేనే పెట్టండి. వెనక స్టూడియో ట్రాక్ వేసుకుని పాడించి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిము పడే అవకాశం ఉంది. వట్టి గొంతుతో పాడిస్తే ఆ తలనొప్పి చాలావరకు ఉండదు.

---

మలీద_ముద్ద

120 మందికి సద్దులంటే కడుపునిండా భోజనం కాదు, అన్నీ తలా రెండు ముద్దలు. మొత్తం ఏడున్నర కిలోల బియ్యం, ఐదు రకాలకి తలా కిలోన్నర.

చింతపండు పులిహోరకి 150 గ్రాముల చింతపండు. నిమ్మకాయ సద్దికి 12 నుంచి 15 కాయలు, పొయ్యి మీద ఉండగా రసం పిండితే చేదెక్కుతుంది, అన్నం చల్లారాకే కలపాలి. కొబ్బరికి మూడు కాయలు. నువ్వుల సద్దికి 200 గ్రాముల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, ఉప్పుతో పొడి కొట్టి కలపండి. నువ్వు మాడితే సద్దంతా చేదే, సన్న మంట మీదే వేయించాలి. పెరుగు సద్ది సాయంత్రానికి పులిసిపోతుంది. అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒకటి రెండు గరిటెలే కలిపితే తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. దాన్ని ఆఖర్న కలపండి.

మలీదకి గోధుమపిండి రెండు కిలోలు. రొట్టెలు కాల్చి వేడి మీదే తుంపి, కిలో బెల్లం తురుము, నెయ్యి వేసి నలిపి ముద్దలు కట్టాలి. రొట్టె చల్లారిందా, బెల్లం కరగదు, ముద్ద నిలవదు. మంది సాయం ఎక్కువ కావాల్సింది ఇక్కడే, నలుగురు కాలుస్తుంటే నలుగురు తుంపాలి.

ఐదు గిన్నెల మీదా లోపల ఏముందో చీటీ అతికించండి: నువ్వులు, వేరుశనగ, జీడిపప్పు, పాలు. నువ్వులు పడని పిల్లలు ఇంతమందిలో ఒకరైనా ఉంటారు, గరిటె కూడా దేనిది దానికే ఉంచండి. వాయనం ఇచ్చి పుచ్చుకునేటప్పుడు మోదుగాకు దొన్నెలు వాడితే కడగక్కర్లేదు, పైన చెప్పిన ఎరువు గుంతలోకే వెళ్తాయి.

---

గునుగుకట్ట

ఒకటి మర్చిపోయిన. తంగేడు ముందు రోజు తెస్తే ప్లాస్టిక్ కవర్ల మూట కట్టకుండ్రి, ఉక్కకు రేకులు రాలిపోతయి. తడి గోనెసంచిల వదులుగ చుట్టి, నీడకు నేల మీద పరవాలె. ఊరి బయట తెంపెటోళ్లుంటే కొమ్మ విరవకుండ కత్తెరతో పూగుత్తి వరకే కోయుమని చెప్పుండ్రి, పక్క మొగ్గలు మిగతా రోజులకు పూస్తయి.